చిన్న ఉప్పునీటి అక్వేరియం: ఏ చేపను తెచ్చుకోవాలి, దేన్ని షాపులోనే వదిలేయాలి

పద్మారావు నగర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈరోజు టాపిక్ ఉప్పునీటి అక్వేరియం. గోల్డ్ ఫిష్, గప్పీలు పెంచేది కాదు, నీమో లాంటి సముద్రపు చేపలు పెంచేది. అందులోనూ చిన్నది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. హాల్లో టీవీ పక్కన పట్టేంత. లెక్కేస్తే 70 లీటర్లు. లోపల రాళ్లు, ఇసుక పోను నికరంగా ఉండే నీళ్లు 55 నుంచి 60 లీటర్లు.

ట్యాంక్ ఎలా కట్టాలి, పంపు ఏది కొనాలి అనేది ఇవాళ్టి విషయం కాదు. వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. ఇవాళ మాట్లాడేది ఒక్కటే: ఆ 60 లీటర్లలోకి ఏ ప్రాణిని తేవాలి, ఏ ప్రాణిని తేకూడదు. ఎందుకంటే ఫోన్‌లో రీల్ చూసి షాపుకెళ్లి, రంగు బాగుందని కవర్లో వేయించుకుని వచ్చే చేపల్లో చాలా వరకు నెల తిరక్కుండానే చచ్చిపోతాయి. డబ్బు పోవడం ఒక బాధ. సముద్రంలో ఏళ్ల తరబడి బతకాల్సిన చేప మన హాల్లో ఆకలికో, ఊపిరాడకో పోవడం ఇంకో బాధ. ఈ రెండోది కొనకముందే ఆపొచ్చు.

ముందు ఇది ఒప్పుకుందాం: మన ఊళ్లో సముద్రం లేదు

హైదరాబాద్‌కి ఒక తమాషా ఉంది. దేశం మొత్తానికి సముద్రం గురించి సమాచారం ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్ మన ప్రగతి నగర్‌లోనే ఉంది, 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు ఇక్కణ్నుంచే వెళ్తాయి. కానీ సముద్రం చూడాలంటే మాత్రం బాపట్ల సూర్యలంక దాకా 300 కిలోమీటర్లు పోవాల్సిందే.

అంటే మన షాపుల్లో కనిపించే ప్రతి సముద్రపు చేపా కవర్లో, థర్మాకోల్ డబ్బాలో చాలా దూరం ప్రయాణం చేసి వచ్చిందన్నమాట. మంచినీటి రంగుచేపలు ఎక్కువగా చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగినవి. సముద్రపు రంగుచేపల విషయం వేరు. వాటిలో ఎక్కువ రకాలను ఇప్పటికీ సముద్రంలోంచే పట్టి తెస్తారు. కొన్ని దేశాల్లో పగడపు దిబ్బల సందుల్లో సైనైడ్ కొట్టి, చేపను మత్తులో పడేసి పట్టడం కూడా ఉంది. అలా పట్టిన చేప బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల దెబ్బతిని ఉంటుంది.

అందుకే షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. "ఇది హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా?" అని అడగండి. హేచరీ చేప పుట్టినప్పటి నుంచీ తొట్టి నీళ్లకీ, గుళికల మేతకీ అలవాటు పడి ఉంటుంది. మన దేశంలోనే క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్ఆర్ఐ, ఎప్పుడో అభివృద్ధి చేసింది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో అయితే స్థానిక మహిళలు అలంకార రొయ్యల్ని పెంచుతున్నారు. కాబట్టి దారి ఉంది. మనం అడిగితేనే షాపువాళ్లు ఆ సరుకు తెప్పిస్తారు.

60 లీటర్లు అంటే ఎంత తక్కువో చూడండి

మనకు తెలిసిన చేపతో పోల్చి చెప్తా. కొర్రమీను, మన తెలంగాణ రాష్ట్ర చేప. రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్తే తొట్టిలో కాసిన్ని నీళ్లల్లో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, అయినా బతికే ఉంటాయి. కారణం, కొర్రమీను పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. ఎండిపోయే చెరువుల్లో బతకడానికి దానికి ఆ ఏర్పాటు ఉంది.

పగడపు దిబ్బ చేపకు ఆ ఏర్పాటు లేదు. దానికి అవసరమే రాలేదు. సముద్రంలో ఉప్పు శాతం, వేడి చాలా నెమ్మదిగా మారతాయి. పైగా సముద్రపు చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లకన్నా తక్కువ. అందుకని దాని ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అది నీళ్లు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ ఉంటుంది. ఇది రాత్రీపగలూ ఆగని పని. నీళ్లలో ఉప్పు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా ఆ పని తలకిందులవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక చేప వదిలే అమ్మోనియా 600 లీటర్లలో కలిస్తే ఒక మోతాదు. అదే 60 లీటర్లలో కలిస్తే పదింతలు. మే నెలలో మన ఊరు 40 డిగ్రీలు దాటుతుంది, చిన్న ట్యాంక్ పెద్దదాని కన్నా తొందరగా వేడెక్కుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. రోజూ నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఆవిరి కాదు, అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన నీటి చోట ఉప్పునీళ్లు కాదు, మంచి ఆర్వో నీళ్లే పోయాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు.

చిన్న ట్యాంక్ సులువు అనుకుంటారు. నిజానికి చిన్నదే కష్టం. పొరపాటుకు అందులో చోటు తక్కువ. అందుకే మన చేతిలో ఉన్న అసలు ఆయుధం ఎంపిక: తక్కువ చేపలు, చిన్న చేపలు, గట్టి చేపలు.

చేప కంటే ముందు నీళ్లు సిద్ధం కావాలి

టూకీగా చెప్తా. ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇంకా చాలా ఉంటాయి. అక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం వాడాలి, లీటరుకి 35 గ్రాముల లెక్క. 60 లీటర్లకి రెండు కేజీల పైచిలుకు పడుతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 1.025 దగ్గర ఉండాలి. వేడి 25 నుంచి 27 డిగ్రీలు.

తర్వాత ఓపిక. రాళ్లలో, ఇసుకలో బ్యాక్టీరియా పెరగాలి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది కొద్దిగా ఉన్నా తట్టుకుంటుంది. ఇది కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించే వరకు ట్యాంక్ ఖాళీగానే ఉండాలి. "ముందు రెండు చవక డామ్సెల్ చేపలు వేసి చూడు, బతికితే నీళ్లు బాగున్నట్టే" అని కొందరు సలహా ఇస్తారు. వినొద్దు. ఒకటి, అది ఆ చేపను విషంలో ముంచడమే. రెండు, అది బతికిందనుకోండి, ట్యాంక్ అంతా నాదే అని తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమి కొరుకుతుంది. అంత చిన్న చోట రెండోదానికి దాక్కునే దారి ఉండదు.

తెచ్చుకోదగ్గవి

మొదటిది అందరికీ తెలిసిందే, ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్. నీమో. పెరిగితే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు. ఎక్కువ ఈత కొట్టదు, ఒక మూల పట్టుకుని అక్కడే ఉంటుంది. గుళికలు తింటుంది. బాగా చూసుకుంటే పదేళ్లు దాటి కూడా బతుకుతుంది, అంటే ఇంటర్‌లో కొన్న చేప మీ పెళ్లి దాకా ఉండొచ్చు.

దీని సంసారం విచిత్రం. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో అన్నింటికన్నా పెద్దది ఆడదవుతుంది. ఆడది పోతే తర్వాతి మగది ఆడదిగా మారుతుంది. కాబట్టి జంట కావాలంటే ఒకే సైజు పెద్ద చేపలు రెండు తేకండి, రెండూ ఆడవై కొట్టుకోవచ్చు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుకోండి. లేదా రెండూ పిల్లలే తెస్తే, ఎవరు పెద్దో వాటిలో అవే తేల్చుకుంటాయి. టమాటా క్లౌన్, మెరూన్ క్లౌన్ మాత్రం వద్దు. అవి ఇంకా పెద్దవవుతాయి, కోపమూ ఎక్కువే.

నీమోకి ఇల్లు కావాలి కదా అని సీ అనిమోన్ కూడా కొంటారు. అవసరం లేదు. సముద్రంలో శత్రువుల నుంచి కాపాడుకోవడానికే దానికి అనిమోన్ కావాలి. మీ ట్యాంక్‌లో శత్రువే లేడు. అనిమోన్‌కి గట్టి లైటు, నెలల తరబడి కుదురుకున్న నీళ్లు కావాలి. అది నచ్చకపోతే ఉన్నచోట ఉండదు, నడుచుకుంటూ వెళ్లి పంపులో పడి ముక్కలవుతుంది. ఆ రాత్రే ట్యాంక్ నీళ్లన్నీ పాడవుతాయి.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ: వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య. రొయ్యకి చూపు సరిగా ఆనదు, కానీ బొరియ తవ్వడంలో దిట్ట. గోబీకి తవ్వడం రాదు, చూపు మాత్రం చురుకు. ఇద్దరూ ఒకే బొరియలో కాపురం. రొయ్య ఇసుక మోసుకుంటూ బయటికి వచ్చినప్పుడు దాని మీసం గోబీ ఒంటిని ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి జారుకుంటారు. రోజంతా చూసినా విసుగు రాదు. దీనికి రెండంగుళాల సన్నటి ఇసుక, కొన్ని చిన్న రాళ్ల ముక్కలు ఉండాలి. పెద్ద రాళ్లను ఇసుక మీద కాకుండా ట్యాంక్ అడుగు మీదే ఆనించి పెట్టండి. లేకపోతే అది కింద తవ్వేసరికి రాళ్లు దాని మీదే కూలతాయి.

మూడోది ఫైర్‌ఫిష్. ముందు సగం తెలుపు, వెనక సగం నిప్పు రంగు. సాధు చేప. ఒక్కటి చాలు, రెండు పెడితే గొడవపడొచ్చు. బెదిరితే ట్యాంక్‌లోంచి బయటికి దూకుతుంది కాబట్టి పైన జాలీ మూత ఉండి తీరాలి.

ఇవి కాక పాచి తినే రెండు మూడు నత్తలు, ఒకటి రెండు చిన్న హెర్మిట్ పీతలు. వాటికి మార్చుకోవడానికి ఖాళీ గవ్వలు కూడా వేయండి, లేకపోతే గవ్వ కోసం నత్తనే చంపుతాయి.

షాపులోనే వదిలేయాల్సినవి

మా వీధిలో ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, నీమో పక్కన డోరీ లేకపోతే ఎట్లా?" న్యాయమైన ప్రశ్నే, సినిమాలో ఇద్దరూ కలిసే తిరిగారు. కానీ డోరీ, అంటే బ్లూ టాంగ్, షాపులో రెండంగుళాలు ఉంటుంది, పెరిగితే అడుగు. దిబ్బల మీద రోజంతా ఈదే చేప అది. మన ట్యాంక్ వెడల్పే అడుగు. పెరిగాక అందులో అది వెనక్కి తిరగడానికే కష్టపడాలి. ఎల్లో టాంగ్‌దీ ఇదే కథ.

మాండరిన్ చేప. ప్రపంచంలో ఇంత అందమైన చేప ఇంకోటి ఉందా అనిపిస్తుంది. కానీ అది రాళ్ల మీద పాకే కంటికి ఆనని కోపెపాడ్ పురుగుల్ని రోజంతా ఏరుకుని తింటుంది. చిన్న ట్యాంక్‌లో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి. గుళికలు వేస్తే వాటి వంక కూడా చూడదు. నెమ్మదిగా పొట్ట లోపలికి పోయి చచ్చిపోతుంది. జబ్బు కాదది, ఆకలి. క్లీనర్ రాస్ కూడా ఇలాంటిదే. వేరే చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతికే చేపకి మన మూడు చేపలు ఏం పెడతాయి?

లయన్ ఫిష్ వద్దు. అడుగు పైన పెరుగుతుంది, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది, వీపు ముళ్లలో విషం ఉంటుంది. బాక్స్ ఫిష్ వద్దు. బెదిరినా చచ్చినా విషం వదిలి ట్యాంక్ మొత్తాన్ని తనతో తీసుకుపోగలదు. స్టార్ ఫిష్ వద్దు, చాలా రకాలు చిన్న ట్యాంక్‌లో తిండి లేక కరిగిపోతాయి.

ఇవి మాత్రం చట్టం సంగతి

ఇది జాగ్రత్తగా వినండి. సముద్రపు గుర్రాలను, దిబ్బలు కట్టే పగడాలను మన దేశంలో 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షిత జాబితాలో చేర్చారు. చట్ట సవరణ తర్వాత 2023 ఏప్రిల్ 1 నుంచి షెడ్యూళ్లు మారాయి, కానీ ఆ రక్షణ పోలేదు. మన సముద్రంలోంచి వీటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. "లైవ్ రాక్" అని సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయి అమ్మినా అంతే. సెరామిక్ రాళ్లు, పొడి రాళ్లు దొరుకుతాయి. వాటి మీద సీసాలో వచ్చే బ్యాక్టీరియా పోసి ఓపిక పడితే అదే పని చేస్తాయి.

విదేశాల నుంచి వచ్చిన పగడం అని చెప్తే కాగితాలు అడగండి. గట్టి పగడాలు సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోని ప్రాణుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. "అందరూ పెంచుతున్నారు, ఏం కాదు" అనే మాట రసీదు కాదు. చేతిలో కాగితం లేకపోతే కొనకండి.

షాపులో పది నిమిషాలు ఊరికే నిలబడండి

చేప నచ్చిందా? వెంటనే కవర్లో వేయించకండి. ఒకటి, ఊపిరి చూడండి. మిగతా చేపలన్నీ మామూలుగా ఉండి అదొక్కటే మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే వదిలేయండి. రెండు, ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు, చిరిగిన రెక్కలు, మసకబారిన కళ్లు ఉన్నాయా చూడండి. పక్క చేపలకు ఉన్నా వద్దు, నీళ్లు ఒకటే కదా. మూడు, వీపు దగ్గర కండ లోపలికి పోయి ఉంటే అది చాన్నాళ్లుగా తినడం లేదని అర్థం. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం: "మేత వేసి చూపించండి" అని అడగండి. తినని చేపను "ఇంటికెళ్తే తింటుంది" అన్న మాట మీద తేవద్దు.

సరుకు దిగిన రోజే కొనకండి. అడ్వాన్స్ ఇచ్చి వారం ఆగి వెళ్లండి. ప్రయాణం దెబ్బకు పోవాల్సినవి ఆ వారంలోనే పోతాయి.

ఇంకో మాట, ఎండాకాలంలో మొదలుపెట్టకండి. మృగశిర కార్తెకి మన ఊరంతా చేపలు వండుకుని తింటుంది. ఉప్పునీటి చేపను ఇంటికి తెచ్చుకోవడం కూడా ఆ కార్తె దాటి వానలు పడి చల్లబడ్డాకే మంచిది. కరెంటు పోతే వాడటానికి బ్యాటరీ గాలి పంపు ఒకటి ముందే కొని పెట్టుకోండి.

ఇంటికి తెచ్చాక

కవర్‌ని ట్యాంక్ నీళ్లల్లో 15 నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత చేపను ఒక డబ్బాలోకి మార్చి, సన్న పైపుతో ట్యాంక్ నీళ్లను చుక్కలు చుక్కలుగా అరగంట సేపు కలపండి. షాపు నీళ్లు మాత్రం మీ ట్యాంక్‌లో పోయొద్దు.

వీలైతే నేరుగా పెద్ద ట్యాంక్‌లో కాకుండా ఒక 30 లీటర్ల తొట్టిలో, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క వేసి నాలుగు వారాలు విడిగా ఉంచండి. తెల్ల చుక్కల జబ్బు వస్తే రాగి మందు వేయాలి. ఆ మందు నత్తల్ని, రొయ్యల్ని చంపేస్తుంది కాబట్టి వైద్యం విడి తొట్టిలోనే జరగాలి.

వరుస ఇలా పెట్టుకోండి. నీళ్లు కుదిరాక మొదట నత్తలు, పీతలు. రెండు మూడు వారాలయ్యాక గోబీ, రొయ్య. ఇంకో మూడు వారాలు పోయాక చివర్లో క్లౌన్ జంట. మూల పట్టుకుని అధికారం చేసేది క్లౌనే కాబట్టి అది ఆఖర్లో రావాలి. అంటే మొత్తం మూడు చేపలు. క్లౌన్ వద్దనుకుంటే గోబీ, రొయ్య, ఒక ఫైర్‌ఫిష్. అంతే, ట్యాంక్ నిండినట్టే. ఖాళీగా కనిపిస్తుంది, నిజమే. ఆ ఖాళీయే వాటి ఊపిరి.

పెంచలేకపోతే? షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవాళ్లకి ఇవ్వండి. హుస్సేన్ సాగర్‌లో వదిలితే ఉప్పు లేక చచ్చిపోతుంది. వైజాగ్ వెళ్లినప్పుడు సముద్రంలో వదులుదాం అనే ఆలోచన కూడా వద్దు. లయన్ ఫిష్ అట్లాంటిక్‌లో పుట్టిన చేప కాదు. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదటిసారి కనిపించింది, ఇప్పుడు కరీబియన్ దిబ్బల మీద చిన్న చేపల్ని ఊడ్చి తినేస్తోంది. అక్వేరియాల నుంచి వదిలిన చేపలే దానికి మొదలని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఇదంతా విన్నాక "అమ్మో, నా వల్ల కాదు" అనిపిస్తే అది ఓటమి కాదు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో మత్స్యదర్శిని ఉంది, చూసి రండి. ఇంట్లో మంచినీటి ట్యాంక్ పెట్టుకోండి. "నా వల్ల అవుతుంది" అనిపిస్తే ఈ నెల చేప కొనకండి, టెస్ట్ కిట్ కొనండి. ఆరు వారాల తర్వాత రెండు సున్నాలు కనిపించిన రోజు షాపుకెళ్లండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే 60 లీటర్లకి వారం వారం నీళ్లు మార్చడం ఎలాగో చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.